కొబ్బరి పుస్తకం ఏ అక్షరం కింద?

కొబ్బరి చెట్లకు పట్టే పురుగుల మీద ఎనభై పేజీల పుస్తకం ఒకటి లైబ్రరీకి వచ్చిందనుకోండి. దాన్ని ఏ మాట కింద నమోదు చెయ్యాలి? వ్యవసాయం అనొచ్చు, తోటపంటలు అనొచ్చు, కీటకాలు అనొచ్చు, సస్యరక్షణ అనొచ్చు. ఏదీ తప్పు కాదు. అయితే అంబాజీపేట నుంచి బస్సెక్కి వచ్చిన రైతు ఏ మాట పట్టుకుని వెతుకుతాడో ఆ మాట దగ్గర పుస్తకం తగలకపోతే, బీరువాలో ఉన్నా అది లేనట్టే లెక్క.

కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చేరి అక్కడే రిటైరైనదాన్ని నేను. లైబ్రేరియన్ అంటే పుస్తకాలిచ్చి పుచ్చుకునే మనిషి అని చాలామంది అనుకుంటారు. ఆ పని కౌంటర్ దగ్గర అందరికీ కనిపిస్తుంది. పుస్తకం బీరువాకెక్కే ముందు దాని ముందుమాట, విషయసూచిక, చివరి పేజీలు తిరగేసి, ఇది దేని గురించి అని తేల్చి, తేల్చినదానికి ఒక మాట ఎంచే పని మాత్రం లోపలి గదిలో జరుగుతుంది. ఆ మాటను విషయ శీర్షిక అంటారు. సబ్జెక్ట్ హెడ్డింగ్ అన్న మాటే మా నోట ఎక్కువ ఆడుతుంది. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

లైబ్రరీలో పుస్తకాలకు రెండు ఏర్పాట్లుంటాయి. మొదటిది బీరువాల్లో. మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చువేసిన దశాంశ వర్గీకరణ ప్రకారం విజ్ఞానమంతా 000 నుంచి 999 దాకా అంకెల్లో సర్దుకుంటుంది. కొబ్బరి 634.61. పుస్తకం వెన్ను మీద ఆ అంకె అతికించాక అది తోటి కొబ్బరి పుస్తకాల పక్కన, ఖర్జూరానికి ముందు నిలబడుతుంది. అక్కడ తప్ప ఇంకెక్కడా నిలబడలేదు. పైగా 634.61 అంటే కొబ్బరి అని రైతుకెలా తెలుస్తుంది? అందుకే రెండో ఏర్పాటు, కేటలాగు. అందులో వెతకడానికి అంకెలు అక్కర్లేదు, మాటలు చాలు. ఆ మాటలు అక్షరక్రమంలో ఉంటాయి. ఒక పుస్తకానికి ఎన్ని మాటలు అవసరమైతే అన్ని కార్డులు వెయ్యొచ్చు. కొబ్బరి పురుగుల పుస్తకంలో సగం భాగం కోనసీమ తోటల గురించే ఉంటే 'కోనసీమ' అని మరో కార్డు.

ఇప్పటి పిల్లలు ఆ కార్డు చూసి ఉండరు గనక చెబుతాను. అయిదంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తున్న దళసరి అట్టముక్క. కింది అంచుకు పైన నడిమధ్య ఒక రంధ్రం. సొరుగు అడుగున పొడుగ్గా ఉండే కడ్డీ ఆ రంధ్రాల్లోంచి దూరి వెళ్తుంది. కార్డు ఎవరూ లాగెయ్యకుండా, వరస చెడకుండా ఆ కడ్డీయే కాపలా. కార్డు మీద ఎడమవైపు పైన డ్యూయీ అంకె, దాని కింద రచయిత పేరులో మొదటి అక్షరాలు. కుడివైపు రచయిత, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం, పేజీల సంఖ్య. వీటన్నిటికీ పైన, కార్డు నెత్తిన, విషయ శీర్షిక. మేము దాన్ని ఎర్ర సిరాతో రాసేవాళ్ళం. అసలు కార్డు అడుగున చిన్న అక్షరాల్లో, ఈ పుస్తకానికి ఇంకా ఏయే మాటల కింద కార్డులు వేశామో వరసగా ఉండేది. దాన్ని ట్రేసింగ్ అంటారు. పుస్తకం చినిగిపోయి తీసెయ్యాల్సి వస్తే ఆ జాబితా పట్టుకుని అన్ని సొరుగుల్లోంచి దాని కార్డులన్నీ తియ్యాలి. ఒక్కటి మిగిలినా, లేని పుస్తకం కోసం ఎవరో ఒకరు బీరువాల చుట్టూ తిరుగుతారు.

ఈ పద్ధతికి నియమాలు రాసినవాడు చార్లెస్ అమ్మీ కట్టర్. అమెరికాలోని బోస్టన్ నగరంలో అథెనియం అనే లైబ్రరీకి లైబ్రేరియన్. డ్యూయీ పుస్తకం వచ్చిన 1876లోనే కట్టర్ రాసిన నిఘంటు కేటలాగు నియమాలూ వచ్చాయి. రచయితల పేర్లు, పుస్తకాల పేర్లు, విషయాలు అన్నీ డిక్షనరీలో మాటల్లా ఒకే వరసలో పెట్టేది నిఘంటు కేటలాగు. అంతకుముందు చాలాచోట్ల విషయాల కేటలాగంటే పెద్ద శాస్త్రం కింద చిన్న శాస్త్రం, దాని కింద ఇంకా చిన్నది. పిల్లుల గురించి చదవాలనుకున్న మనిషి జంతుశాస్త్రం దగ్గర మొదలుపెట్టి, వెన్నెముక ఉన్నవి, పాలిచ్చేవి అనుకుంటూ పిల్లి దాకా దిగిరావాలి. కట్టర్ ఆ మెట్లు తీసేశాడు. లేడీ కస్ట్ అనే ఆవిడ పిల్లి మీద రాసిన పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకుని, దాన్ని పిల్లి కిందే వెయ్యాలి, జంతుశాస్త్రం కింద గానీ పెంపుడు జంతువుల కింద గానీ వెయ్యకూడదు అన్నాడు. ఇనుము మీద పుస్తకమైతే ఇనుము కింద, లోహాల కింద కాదు.

వినడానికి చిన్న నియమమే. నా దృష్టిలో మాత్రం లైబ్రరీల చరిత్రలో ఇంతకన్నా ఉదారమైన ఆలోచన తక్కువ. మెట్ల కేటలాగులో వెతకాలంటే పండితుడు విజ్ఞానాన్ని ఎలా విభజించాడో ముందే తెలిసి ఉండాలి. కట్టర్ కేటలాగులో అక్షరాలొస్తే చాలు. అక్షరాలకు పెద్దా చిన్నా తేడా లేదు. మా సొరుగులో కొబ్బరి తర్వాత కొలిమి, కొల్లేరు, కోడిపందేలు, కోర్టులు వరసగా ఉండేవి. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు, ఉండనక్కర్లేదు. రజకుల వృత్తి జీవితం మీద పలచటి పుస్తకానికీ, రాజ్యాంగం మీద వెయ్యి పేజీల గ్రంథానికీ ఒకే కొలత కార్డు, ఒకే సొరుగు. పైగా రజకుల కార్డే ముందుంటుంది.

అక్షరక్రమంతో ఒక ఇబ్బంది లేకపోలేదు. మన దగ్గరే దానికి పెద్ద ఉదాహరణ ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాది క్రమంలో తలపెట్టారు. మూడు సంపుటాలు వెలువడేసరికి పని ఇంకా 'అ' దగ్గరే ఉంది. 1923లో ఆయన కన్నుమూశారు. ఆ సంపుటాలను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, మిగిలిన అక్షరాలన్నిటికీ ఆయన ఏమేం రాయించి ఉండేవారో అని మనసు వికలమవుతుంది. తర్వాత తెలుగు భాషా సమితి తన విజ్ఞాన సర్వస్వాన్ని విషయానికో సంపుటంగా వేసింది. సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం వాళ్ళు మళ్ళీ అక్షరక్రమమే పట్టి 8 సంపుటాల్లో తెచ్చారు. అచ్చు పుస్తకంలో 'క' సంపుటం బయటికొచ్చాక కొత్త 'క' మాటకు చోటు లేదు. కార్డుకు ఆ బాధ లేదు. మా లైబ్రరీకి కంప్యూటర్ల మీద మొదటి పుస్తకం వచ్చిన రోజున కడ్డీ లాగి, కందిపంటకూ కంబళ్ళకూ మధ్య కొత్త కార్డు పెట్టి, కడ్డీ బిగించాను. అయిదు నిమిషాల పని.

అక్షరక్రమం అందరికీ వచ్చనే అనుకుంటాం గానీ సొరుగు దగ్గర నిలబడితే తెలుస్తుంది. బడిలో ఔ తర్వాత అం, అః చదువుతాం. ఆ లెక్కన అంతరిక్షం ఔషధాల తర్వాత రావాలి. నిఘంటువుల్లో చూస్తే అంకం, అంగడి మొదటి పేజీల్లోనే ఉంటాయి, అకాలం కన్నా ముందు. మేము నిఘంటువునే అనుసరించాం. వర్ణమాల పటంలో చివర్లో కూర్చునే క్ష, కేటలాగులో కకారానికి షవత్తు ఇచ్చిన మాటే. కాబట్టి క్షయ వ్యాధి 'క' గుంపులో ఉండాలి, 'హ' దాటాక వెతికితే దొరకదు. ఇంగ్లీషు సొరుగుల్లో మరో రకం తగవు. న్యూయార్క్ రెండు మాటలు, నెవార్క్ ఒక్కటే మాట, రెంటికీ మొదటి మూడక్షరాలు ఒకటే. మాటకీ మాటకీ మధ్య ఆగి చూస్తే న్యూయార్క్ ముందొస్తుంది. అక్షరాలను ఏకబిగిన చదువుకుంటూ పోతే నెవార్క్ ముందొస్తుంది. ఏ లైబ్రరీ ఏ పద్ధతి పాటిస్తుందో సొరుగు తెరిచిన మనిషికి తెలియదు. అందుకే మా సొరుగుల మీద ఆ సంగతి ఒక అట్ట మీద రాసి అతికించి ఉంచాం.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవి. కష్టమంతా మాటను ఎంచడంలో ఉంది.

ఒక విషయానికి ఒకే శీర్షిక ఉండాలన్నది మొదటి కట్టుబాటు. పది పుస్తకాలు కొబ్బరి కింద, మరో పది నారికేళం కింద, ఇంకో నాలుగు టెంకాయ కింద ఉంటే, వెతికినవాళ్ళకు ఎప్పుడూ ఒక ముక్కే దొరుకుతుంది. ఆ మాట జనం వాడే మాట అయి ఉండాలన్నది రెండో కట్టుబాటు. ఏ జనం అన్నది అసలు ప్రశ్న. వేరుశనగను పల్లీలంటారు, రాయలసీమలో బుడ్డలంటారు. మేము గోంగూర అనేదాన్ని తెలంగాణలో పుంటికూర అంటారు. మొక్కజొన్న అక్కడ మక్క. వీటిలో ఒకటే శీర్షిక కాగలదు. మిగిలినవి ఏం కావాలి?

దానికి పరిష్కారం 'చూడు' కార్డు. ఆ కార్డు మీద ఏ పుస్తకం పేరూ ఉండదు, ఏ అంకే ఉండదు. 'పుంటికూర, చూడు: గోంగూర' అని ఒక్క పంక్తి ఉంటుంది. వరంగల్ లైబ్రరీలో ఇదే కార్డును తిరగేసి రాయాలి, గోంగూర నుంచి పుంటికూరకు. నా అభిప్రాయంలో అలా తిరగెయ్యడమే న్యాయం. శీర్షిక ఆ లైబ్రరీకి వచ్చే పాఠకుల మాట కావాలి, వేరే ప్రాంతం నుంచి వచ్చిన మాటకు దారి ఉండాలి.

కొబ్బరి సంగతికే వద్దాం. 'కొబ్బరి – చీడపీడలు' అని శీర్షిక పెట్టాను. గీతకు కుడివైపున్నది ఉపశీర్షిక, ఆ విషయంలో ఏ కోణమో చెబుతుంది. మామిడికీ వరికీ కూడా అదే ఉపశీర్షిక వాడతాం. రైతు మాత్రం చీడపీడలంటూ రాడు. మొవ్వులో కన్నం కనిపించింది, పురుగు పేరు తెలుసు, ఆ పేరుతోనే వస్తాడు. అందుకని 'కొమ్ము పురుగు, చూడు: కొబ్బరి – చీడపీడలు' అని ఒక కార్డు. 'ఎర్రముక్కు పురుగు' పేరుతో ఇంకొకటి. 'నల్లి' పేరుతో మరొకటి. పదిమంది వాడని శాస్త్రీయ నామానికి కూడా ఒకటి వేశాను, వ్యవసాయం చదివే పిల్లలు ఆ పేరుతో అడుగుతారు గనక. ఒక్క పుస్తకానికి ఇంత శ్రమ ఎందుకని అడిగిన సహోద్యోగులున్నారు. ఆ కార్డులు ఒక్క పుస్తకం కోసం కాదు. అదే విషయం మీద రేపు వచ్చే ప్రతి పుస్తకానికీ అవి దారి చూపుతూనే ఉంటాయి.

ఒకసారి ఒక పెద్దాయన వచ్చి, "షుగరు మీద ఏదన్నా పుస్తకం ఉందాండి మేడమ్ గారూ?" అని అడిగారు. మా కేటలాగులో శీర్షిక మధుమేహం. ఊళ్ళో ఆ మాట పలికేవాళ్ళు ఎవరు? చక్కెర వ్యాధి అనేవాళ్ళు కొందరున్నారు. షుగర్ అనేవాళ్ళే అందరూ. 'షుగర్' అని ఊరికే కార్డు వేస్తే చెరకు ఫ్యాక్టరీల మీద పుస్తకాల కోసం వచ్చిన కామర్స్ విద్యార్థి అక్కడే ఆగుతాడు. ఒకే మాటకు రెండర్థాలున్నప్పుడు పక్కన కుండలీకరణంలో చిన్న వివరణ ఇస్తాం. 'షుగర్ (వ్యాధి), చూడు: మధుమేహం'. 'తాళం (సంగీతం)' ఒకటి, తలుపుకు వేసే తాళం ఒకటి. 'పాట' అంటే పాడేదీ ఉంది, రేవుల పాటా ఉంది. ఇంగ్లీషు జాబితాల్లో క్రేన్లు ఇలాగే రెండు, ఎగిరే కొంగలు ఒక చోట, బరువులెత్తే యంత్రాలు ఒక చోట.

'ఇవి కూడా చూడు' అన్నది ఇంకో రకం కార్డు. అక్షరక్రమం చుట్టాలను విడదీస్తుంది. వరి 'వ'లో, మిరప 'మ'లో, కొబ్బరి 'క'లో ఉంటే వాటిని కలిపేదెవరు? 'వ్యవసాయం, ఇవి కూడా చూడు: కొబ్బరి, మిరప, వరి' అన్న కార్డు. పెద్ద విషయం నుంచి చిన్న విషయాలకు దారి ఇస్తుందది. డ్యూయీ అంకెలు బీరువాలో చేసే పనిని ఈ కార్డులు సొరుగుల్లో చేస్తాయి. కేటలాగు మంచిదా కాదా అని తేల్చుకోవాలంటే నేను పుస్తకాల కార్డులు చూడను, 'చూడు' కార్డులు ఎన్ని ఉన్నాయో, ఎవరి మాటలకు ఉన్నాయో చూస్తాను.

చిన్న లైబ్రరీలు శీర్షికలు తమంతట తాము తయారుచేసుకోలేవు. వాటి కోసం మిన్నీ ఎర్ల్ సియర్స్ అనే అమెరికన్ కేటలాగర్ 1923లో ఒక జాబితా వేసింది. తొమ్మిది చిన్న లైబ్రరీల్లో వాడుకలో ఉన్న శీర్షికలను పోగుచేసి కూర్చిన పుస్తకమది. లైబ్రరీ సైన్సులో బి.ఎల్.ఐ.ఎస్సీ. చదివేటప్పుడు కేటలాగింగ్ ప్రాక్టికల్స్‌లో మా చేతిలో ఉన్నది సియర్స్ జాబితానే. మంచి పుస్తకం. ఎవరికి ఏ కొత్త మాట కావాలన్నా మాదిరి చూసుకుని చేర్చుకునే వీలుంటుంది. మనకు ఆ వీలు చాలా అవసరం. అట్లతద్ది, బతుకమ్మ, మా జగ్గన్నతోట ప్రభల తీర్థం వంటివాటికి మనమే శీర్షికలు రాసుకోవాలి.

పెద్ద లైబ్రరీలన్నిటికీ ప్రమాణం మాత్రం వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితా. 1898లో మొదలైంది. 1901 నుంచి ఆ లైబ్రరీ తన కార్డులను అచ్చువేసి మిగతా లైబ్రరీలకు అమ్మడంతో, దాని మాటలే ఊరూరా సొరుగుల్లోకి చేరాయి. లావుపాటి ఎర్ర అట్టల సంపుటాలుగా వచ్చిన ఆ జాబితాను 2013 తర్వాత అచ్చువెయ్యడం మానేశారు. ఇప్పుడంతా కంప్యూటర్లోనే, 3 లక్షలకు పైగా శీర్షికలు. అంత పెద్ద జాబితాలో ఒక మాట మార్చడమంటే వేల లైబ్రరీల్లో కార్డులు తీసి దిద్దడం. ఆ ఖర్చుకు భయపడి పాత మాటలను దశాబ్దాల తరబడి అలాగే ఉంచారు. వంటకు వాడిన పాతకాలపు ఇంగ్లీషు మాటను 2010లో గానీ మార్చలేదు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎన్నో ఏళ్ళు 'యూరోపియన్ యుద్ధం' అనే రాశారు. మెసపొటేమియాలో, తూర్పు ఆఫ్రికాలో మన సిపాయిలు చచ్చిపోయిన యుద్ధమది.

వంట మాటతో ఎవరికీ గాయం కాదు. మనుషుల పేర్లతో అవుతుంది. శాన్‌ఫర్డ్ బెర్మన్ అనే అమెరికన్ లైబ్రేరియన్ 1960ల చివర జాంబియాలో పనిచేశాడు. దక్షిణాఫ్రికా నల్లవాళ్ళ మీద వచ్చిన పుస్తకాలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో ఉన్న 'కాఫిర్లు' అన్న శీర్షిక అక్కడివాళ్ళకు బూతుతో సమానమని ఆయనకు అక్కడే తెలిసింది. దాంతో ఆ జాబితా మొత్తం వెతికి, తెల్లవాడి కంటితో, మగవాడి కంటితో, క్రైస్తవుడి కంటితో రాసిన శీర్షికలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపుతూ 1971లో పుస్తకం వేశాడు. దాని పేరు 'ప్రెజుడిసెస్ అండ్ యాంటిపథీస్'. తర్వాత మినెసోటా రాష్ట్రంలో హెన్నెపిన్ కౌంటీ లైబ్రరీలో కేటలాగు విభాగం నడుపుతూ, వాషింగ్టన్ మార్చేదాకా ఆగకుండా తన పాఠకుల మాటలతో తానే శీర్షికలు వేసుకున్నాడు. మార్చమని వాషింగ్టన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చాలా శీర్షికలు ఆలస్యంగానైనా మారాయి.

ఇటీవలి కథ అనుమతి పత్రాలు లేకుండా అమెరికాలో ఉంటున్న వలసదారులది. వాళ్ళకు ఆ జాబితాలో ఉన్న శీర్షికకు తెలుగులో 'చట్టవిరుద్ధ పరాయివాళ్ళు' అని అర్థం. 2014లో డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు, తమ గురించి చదువుకుందామని లైబ్రరీకి వెళ్తే తమకు తగిలే మాట ఇదా అని అడిగి, లైబ్రేరియన్లతో కలిసి మార్పు కోరారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు మొదట కుదరదన్నారు. 2016లో మారుస్తామన్నారు. అమెరికా పార్లమెంటులో కొందరు సభ్యులు అడ్డుపడ్డారు. ఒక లైబ్రరీ కార్డు మీది మాట చట్టసభ దాకా వెళ్ళింది. చివరికి 2021 నవంబరులో పాత శీర్షికను తీసేసి, మనుషులను 'పౌరులు కానివారు' అనీ, విషయాన్ని 'అక్రమ వలస' అనీ విడదీశారు. రెండో మాట కూడా చాలామందికి నచ్చలేదు.

ఇది మన ఇంటి సంగతి కూడా. భారతదేశం నుంచి అమెరికా లైబ్రరీలకు చేరిన ఎన్నో పుస్తకాల మీద 'అంటరానివారు' అన్న శీర్షిక ఉండేది. ఇప్పుడు శీర్షిక 'దళితులు'. ఆ పాత మాట శీర్షిక స్థానం పోగొట్టుకుని, 'దళితులు'కు దారి చూపే 'చూడు' మాటగా మిగిలింది. అదే దానికి తగిన చోటని నేను నమ్ముతాను. పాత పుస్తకాలు చదివి ఆ మాటతో వచ్చినవాడిని వెనక్కి పంపకూడదు. వచ్చినవాడికి ఆ మనుషులు తమను తాము ఏమని పిలుచుకుంటారో తెలియాలి.

శీర్షిక ఎంచడం ఒక్కో కేటలాగర్ బుద్ధికి వదిలేస్తే ఒక్కొక్కరూ ఒక్కో తీరున రాస్తారన్న దిగులు ఎస్.ఆర్. రంగనాథన్ గారిది. గణితం చెప్పే ఉద్యోగం నుంచి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వచ్చిన మనిషి. వర్గీకరణ అంకెలోంచే మాటలు రాబట్టే పద్ధతి కనిపెట్టారు. చైన్ ప్రొసీజర్ అంటాం. పుస్తకానికి అంకె వేసేటప్పుడు వ్యవసాయం, అందులో పండ్లతోటలు, అందులో కొబ్బరి, అందులో చీడపీడలు అని దిగుతాం. ఆ గొలుసును కింది నుంచి చదివితే 'చీడపీడలు: కొబ్బరి', 'కొబ్బరి: పండ్లతోటలు', 'పండ్లతోటలు: వ్యవసాయం', 'వ్యవసాయం' అని నాలుగు సూచికలు వాటంతట అవే పడతాయి. వాటిని అక్షరక్రమంలో పెడితే సరి. ఇంగ్లండులో 1950లో మొదలైన బ్రిటిష్ నేషనల్ బిబ్లియోగ్రఫీ ఇరవయ్యేళ్ళ పాటు ఈ పద్ధతినే వాడింది. మద్రాసులో పుట్టిన ఆలోచన లండన్‌లో సూచికలు తయారుచేసింది. రంగనాథన్ గారి మీద నాకు అపారమైన గౌరవం. అయినా ఒక మాట చెప్పాలి. ఆ గొలుసు ఎంత లాగినా అందులోంచి కొమ్ము పురుగు బయటికి రాదు. ఆ మాట రైతు నోట విని రాసుకోవాలి.

ఇప్పుడు కంప్యూటర్లో ఏ మాట కొట్టినా వెతికి పెడుతుంది కదా, ఈ శీర్షికలెందుకని పిల్లలు అడుగుతారు. కంప్యూటర్ మనం కొట్టిన అక్షరాలనే వెతుకుతుంది. కొబ్బరి సాగు మీద పుస్తకానికి రచయిత 'కల్పవృక్షం' అని పేరు పెడితే, కొబ్బరి అని కొట్టినవాడికి అది కనిపించదు. కల్పవృక్షం అని కొట్టినవాడికి పురాణ కథలు కూడా వస్తాయి. ఎవరో ఒకరు ఆ పుస్తకం తెరిచి చూసి 'కొబ్బరి' అని శీర్షిక రాసి ఉంటేనే రెండు చిక్కులూ తీరతాయి.

తెలుగు పుస్తకాల విషయంలో నన్ను బాధపెట్టే సంగతి ఇక్కడే ఉంది. నేను చూసిన కంప్యూటర్ కేటలాగుల్లో తెలుగు పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, అదీ ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయరు. విషయ శీర్షిక ఇంగ్లీషు మాట. తెలుగు పుస్తకం, తెలుగు పాఠకుడు, మధ్యలో దారి మాత్రం ఇంగ్లీషు. తెలుగు లిపిలో వెతికే వీలు ఇప్పటి సాఫ్ట్‌వేర్లకు ఎప్పుడో వచ్చింది. లోటు శీర్షికల దగ్గర ఉంది. ముందు వ్యవసాయం, ఆరోగ్యం, చట్టం ఈ మూడింటికీ తెలుగు శీర్షికలు కావాలి. ఎందుకంటే పుస్తకం దొరక్కపోతే నష్టం జరిగేది వీటిలోనే. ప్రతి శీర్షిక వెనకా శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, అనంతపురం దాకా ఆ వస్తువుకున్న పేర్లన్నీ 'చూడు' మాటలుగా చేరాలి. జిల్లాకో ఇద్దరు లైబ్రేరియన్లు కూర్చుంటే అయ్యే పని ఇది. నేను ఉద్యోగంలో ఉండగా పాఠకులు అడిగిన మాటలు రాసుకున్న నోటుపుస్తకాలను ఇప్పుడు చిన్నవాళ్ళైన లైబ్రేరియన్లకు ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. 'క' అయిపోయి 'గ'లో ఉన్నాం.

పాఠకులు ఒక పని చెయ్యొచ్చు. ఈసారి లైబ్రరీ కంప్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు మీకు కావలసిన విషయం మీద తెలిసిన ఒక్క పుస్తకం తెరవండి. దాని వివరాల్లో కింద సబ్జెక్ట్ అని ఒక వరస ఉంటుంది. ఆ మాట మీద నొక్కండి. పేరులో ఆ మాట లేని పుస్తకాలు కూడా వస్తాయి. మీరు వెతికిన మాటకు ఏమీ రాకపోతే, ఆ మాట ఒక కాగితం మీద రాసి లైబ్రేరియన్ చేతికివ్వండి. అది ఏ శీర్షికకు చేరాలో వాళ్ళు చూసుకుంటారు.